ఆన్‌లైన్ చర్చకు కట్టుబాట్లు: మా క్లాసు ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

ఈ సెమిస్టర్‌లో డిగ్రీ రెండో ఏడాది ఎకనామిక్స్ పిల్లలతో వారానికో అంశం మీద ఆన్‌లైన్‌లో చర్చ నడపాలని అనుకున్నాం. క్లాసులో చర్చ పెడితే మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురైదుగురే. అనంతపురం చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే ఆడపిల్లల్లో చాలామంది అటెండెన్స్ అప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అనడం తప్ప ఇంకో మాట అనకుండానే ఏడాది గడిపేస్తారు. వాళ్ళ పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు మాత్రం ఎంత లోతుగా ఆలోచిస్తారో తెలుస్తుంది. నలుగురి ముందు లేచి నిలబడాల్సిన పని లేకుండా, ఇంటికెళ్ళి తీరిగ్గా రాసే అవకాశం ఇస్తే వాళ్ళ మాట అందరికీ వినబడుతుందని నా నమ్మకం. ఈ ప్రాజెక్టు అందుకే.

కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో కోర్సులకు నాలుగు భాగాలు ఉంటాయి. వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, తమను తాము పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు తీర్చుకునే చర్చా వేదిక. మొదటి మూడూ ఒకసారి తయారుచేసి పెట్టేస్తే చాలు, ఏళ్ళ తరబడి పనికొస్తాయి. నాలుగోది అట్లా కాదు. ప్రతి బ్యాచ్ తనకు తాను కట్టుకోవాల్సిందే. దానికి పునాది కట్టుబాట్లు. చర్చ మొదలుపెట్టే ముందు వాటి మీదే కొన్ని వారాలు పనిచేద్దామని నిర్ణయం.

ప్రతి రూలుకూ నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఈ రూలు వల్ల ఇప్పటిదాకా నోరు మెదపని అమ్మాయి రాయగలుగుతుందా? గలిగితే ఉంచాలి. ఎక్కువ మాట్లాడేవాడి నోరు మూయించడానికి తప్ప పనికిరాదంటే పక్కన పెట్టాలి.

జూలై మొదటి వారం: ఎక్కడ నడపాలి

పిల్లలందరూ ముక్తకంఠంతో "వాట్సాప్ గ్రూపు చాలు మేడమ్" అన్నారు. ఎవరికీ కొత్తగా నేర్పాల్సింది ఉండదు, డేటా తక్కువ తింటుంది, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళో కూడా పనిచేస్తుంది. అన్నీ నిజాలే. అయినా వద్దన్నాను.

వాట్సాప్ గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరికీ కనబడుతుంది. క్లాసు అయ్యాక ఇద్దరు అమ్మాయిలు స్టాఫ్ రూమ్ బయట నిలబడి, పోయిన ఏడాది ఒక గ్రూపులో చేరాక "హాయ్", "తిన్నావా", "డీపీ బాగుంది" అంటూ తెలియని నంబర్ల నుంచి మెసేజీలు వచ్చాయని చెప్పారు. ఇంట్లో ఆ ఫోన్ నాన్నదో అన్నదో అయి ఉంటుంది. అలాంటి మెసేజ్ ఒక్కటి వాళ్ళ కంట పడితే ఆ పిల్ల చదువుకే ఎసరొస్తుంది. నంబరు బయటపడే చోట చర్చ పెట్టి, ఆపైన "మర్యాదగా ఉండండి" అని ఎంత పెద్ద రూలు రాసినా ప్రయోజనం లేదు.

అందుకే గూగుల్ క్లాస్‌రూమ్ తీసుకున్నాం. అందులో నంబర్లు కనబడవు. ఇంకో మంచి సంగతి ఉంది. 'ప్రశ్న' రూపంలో అంశం పెట్టి, ఒకరికొకరు రిప్లై ఇచ్చుకునే ఆప్షన్ ఆన్ చేస్తే, తన జవాబు పెట్టాకే మిగతావాళ్ళ జవాబులు కనబడతాయి. కాలేజీలు ఆన్‌లైన్ పాఠాలకు వాడే మూడిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా 'ప్రశ్న-జవాబు' రకం ఫోరం ఇలాగే పనిచేస్తుంది. దీనివల్ల "పై అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను" అనే వరస ఆగిపోతుంది. ముందు రాసినవాళ్ళ ఇంగ్లిష్ చూసి జంకి వెనక్కి తగ్గడం కూడా ఉండదు. కాగితం మీద రాసే రూలు కంటే ఇలాంటి సెట్టింగే గట్టిగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

స్ట్రీమ్ అనే మొదటి పేజీలో పోస్టులు, కామెంట్లు టీచర్ మాత్రమే పెట్టేలా మార్చాను. లేకపోతే గుడ్ మార్నింగ్ ఫొటోలతో నిండిపోతుంది. చర్చంతా ప్రశ్నల కిందే.

పేర్ల సమస్య ఒకటి తేలింది. కొందరి జీమెయిల్ ఇంట్లో వాళ్ళది. జవాబు రాసేది అమ్మాయి, పైన కనబడేది వాళ్ళ నాన్న పేరు. ఇంకొందరికి అభిమాన హీరో పేరు, ఫొటో. కొత్త అకౌంట్ తెరవమని బలవంతం చేయదల్చుకోలేదు. ప్రతి పోస్టూ తన అసలు పేరుతో మొదలుపెట్టాలని పెట్టుకున్నాం. మొట్టమొదటి కట్టుబాటు ఇదే.

జూలై రెండో వారం: చీటీలు

రూల్స్ ఏముండాలని అడిగితే పిల్లలు బడి గోడల మీది సూక్తులు చెబుతారు. ఇతరులను గౌరవించాలి, సమయపాలన పాటించాలి. అందుకని తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయకుండా ఒకే ప్రశ్నకు జవాబు రాయమన్నాను: "ఏం జరిగితే నువ్వు ఆన్‌లైన్‌లో రాయడం మానేస్తావు?"

చీటీలు విప్పుతుంటే తిట్ల గురించి, గొడవల గురించే ఎక్కువ ఉంటాయనుకుంటాం కదా. అవీ ఉన్నాయి. ఎవరో నవ్వే ఎమోజీ పెడితే మళ్ళీ రాయనని, రాసింది స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెడితే చచ్చినా రాయనని, అంశం వదిలేసి స్పెల్లింగ్ తప్పులు పట్టుకుంటే ఒళ్ళు మండుతుందని, కులం పేరెత్తితే గ్రూపు వదిలేసి పోతానని. కానీ అన్నిటికంటే ఎక్కువ చీటీల్లో ఉన్న మాట వేరు. "నేను రాసింది ఎవరూ చూడకపోతే." "ఒక్కరు కూడా రిప్లై ఇవ్వకపోతే." ఒక చీటీలో ఇలా ఉంది: "క్లాసులో మాట్లాడకపోతే ఎవరికీ తెలీదు. ఆన్‌లైన్‌లో రాసి రిప్లై రాకపోతే అందరికీ తెలుస్తుంది."

ఆ చీటీని డైరీలో అతికించుకున్నాను. రెండో కట్టుబాటు అందులోంచే పుట్టింది. ఎవరైనా రిప్లై రాయాలంటే ముందు ఒక్క రిప్లై కూడా లేని పోస్టు వెతికి దానికి రాయాలి. ఆ తర్వాతే తనకు నచ్చిన చోట, స్నేహితుల పోస్టు కింద. నేను చూసిన ఆన్‌లైన్ రూల్స్‌లో ఏం రాయకూడదో చెప్పేవే ఎక్కువ. ఎవరూ పలకరించకపోవడం గురించి ఒక్క ముక్క ఉండదు. పిల్లల్ని దూరం చేసేది మాత్రం అదే.

జూలై మూడో వారం: మాటల్లో పెట్టడం

"ఎదుటివారి అభిప్రాయాన్ని గౌరవించాలి" అనే వాక్యం బోర్డు మీద రాసి, గౌరవించడం అంటే కీబోర్డు మీద వేళ్ళతో ఏం చేయాలని అడిగాను. ఎవరికీ తోచలేదు. చేసి చూపించలేని మాట రూలు కాదు కాబట్టి దాన్ని విడగొట్టడం మొదలుపెట్టాం.

మన శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం అనే పద్ధతి ఉంది. అవతలి పక్షం వాదన ముందు తానే చెప్పి, ఆ తర్వాతే దాన్ని ఖండించాలి. తర్కశాస్త్ర గ్రంథమైన గౌతమ మహర్షి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. ఈ మూడూ చెప్పేసరికి వెనక బెంచీ కుర్రాడు, "అయితే యూట్యూబ్ కామెంట్లన్నీ మూడో రకమే మేడమ్" అన్నాడు. ఆ ఊపులో మూడో కట్టుబాటు తయారైంది. కాదనే ముందు, అవతలివాళ్ళు అన్నదాన్ని ఒక వాక్యంలో మన మాటల్లో రాయాలి. "నువ్వనేది ఇదీ అని నాకు అర్థమైంది" అని మొదలుపెట్టాలి. అర్థం కాకపోతే కాదనకూడదు, అడగాలి.

పిలుపుల దగ్గర గంటసేపు చర్చ జరిగింది. ఆ గంట నాకు భలే నచ్చింది. అందరూ "మీరు" అనాలని ఒకరు ప్రతిపాదిస్తే, తోటివాళ్ళను మీరు అంటే ఇంటర్వ్యూలో కూర్చున్నట్టు ఉంటుందని ఇంకొకరు. "నువ్వు" ఉంచుకున్నారు. "రా", "రేయ్", "ఒసేయ్" వద్దన్నారు. మగపిల్లలు తమలో తాము అనుకోవడానికైనా ఒప్పుకోవాలని ఇద్దరు పట్టుబట్టారు. ఒక అమ్మాయి లేచి (ఆ పిల్ల క్లాసులో మాట్లాడటం నేను వినడం అదే మొదలు), "మీరు సరదాగా అనుకున్నా చదివేది మేం కూడా కదా, కొట్టుకుంటున్నారేమో అనిపిస్తాది" అంది. దాంతో "రా" పోయింది. మన సీమ మాట "అప్పా" మాత్రం మిగిలింది. "అట్ల కాదప్పా" అంటే కోపం తగ్గుతుందే గానీ పెరగదని అందరూ ఒప్పుకున్నారు. పెద్దవాళ్ళు చదువుతారేమోనన్న బెరుకుతో పుస్తకాల తెలుగు రాయనక్కర్లేదని, ఇంట్లో మాట్లాడే యాసలో రాస్తే తప్పు పట్టకూడదని కూడా రాసుకున్నాం.

జూలై ఆఖరు: చూసింది, విన్నది, చదివింది

ఆధారాల రూలు ఎలా పెట్టాలో తేలక నాలుగైదు రోజులు నలిగాం. "సోర్స్ ఇవ్వాలి" అంటే ఏదో ఒక లింకు పెట్టేస్తారు. పైగా ఊళ్ళో కళ్ళారా చూసినదానికి లింకు ఎక్కణ్ణుంచి వస్తుంది? పల్లె పిల్లలకు తెలిసినదంతా అలాంటిదే. లింకు ఉంటేనే విలువ అంటే వాళ్ళను మళ్ళీ వెనక బెంచీకి పంపినట్టే.

చివరికి ఇలా పెట్టుకున్నాం. ఏ సంగతి చెప్పినా దాని పక్కన ఒక మాట చేర్చాలి: చూసింది, విన్నది, చదివింది. చూసిందైతే ఎక్కడ, ఎప్పుడో చెప్పాలి. విన్నదైతే ఎవరి దగ్గరో చెప్పాలి, పేరు అక్కర్లేదు, "మా పక్క పొలం రైతు" అంటే చాలు. చదివిందైతే పత్రిక పేరు, తేదీ, లేదా జీవో నంబరు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయి వచ్చింది చదివిందాన్లోకి రాదు, విన్నదాన్లోకే వస్తుంది. మూడిట్లో ఏదీ తక్కువ కాదు, కానీ ఏది ఏదో తెలియాలి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన కట్టుబాటు ఇదే.

చాట్‌జీపీటీ సంగతి కూడా దీంతోనే చాలావరకు తేలిపోయింది. అందులోంచి తెచ్చి అతికించిన పేరాకు ఈ మూడు మాటల్లో ఏదీ అతకదు. పదాలు వెతుక్కోవడానికి, వాక్యం సరిచేసుకోవడానికి వాడుకోవచ్చు. అభిప్రాయం, అనుభవం మాత్రం సొంతవి కావాలి.

ఆగస్టు మొదటి వారం: దాటితే ఏం చేయాలి

దీన్ని ముందే తేల్చి రాసుకోవాలి. గొడవ జరిగాక తేల్చబోతే ఎవరి వైపు మాట్లాడినా పక్షపాతమే అంటారు.

వారానికి ఇద్దరు బాధ్యులు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. అందరికీ వంతు వస్తుంది. రిప్లై లేని పోస్టులు ఏవో చూడటం, కట్టుబాటు దాటినట్టు అనిపిస్తే నాకు చెప్పడం వాళ్ళ పని. తీర్పు చెప్పడం వాళ్ళ పని కాదు. స్నేహితుల మధ్య ఆ బరువు పెట్టకూడదు. చిన్నవాటికి నేను ప్రైవేట్ కామెంట్‌లో ఆ విద్యార్థికే చెబుతాను, సరిచేసి మళ్ళీ పెట్టొచ్చు. మారకపోతే పోస్టు తీసేసి ఏ కట్టుబాటు కింద తీశానో చెబుతాను. ఇంకా సాగితే ఒక వారం మ్యూట్, అంటే ఆ వారం ఏమీ రాయలేరు. తీసేసిన కామెంట్లు క్లాస్‌రూమ్‌లో టీచర్‌కు కనబడుతూనే ఉంటాయి కాబట్టి, తర్వాత "నేనలా అనలేదు" అనే తగాదా రాదు.

కులం, మతం, ఆడపిల్లల మీద అసభ్యం, బెదిరింపు, వీటికి ఈ మెట్లు లేవు. నేరుగా కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకే. ర్యాగింగ్ అంటే సీనియర్లు జూనియర్లను ఏడిపించడమే అని పిల్లల్లో చాలామంది నమ్మకం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ర్యాగింగ్ మీద పెట్టిన 2009 నిబంధనలకు 2016లో చేసిన సవరణ ప్రకారం కులం, మతం, లింగం, రూపం, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి ఆధారంగా తోటి విద్యార్థిని మానసికంగా వేధించినా, వెలివేసినట్టు చూసినా అదీ ర్యాగింగే. కొత్తగా చేరినవాళ్ళా కాదా అనేది లెక్కలోకి రాదు. మన రాష్ట్రంలో 1997 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. ఈ పేరా చదివి వినిపించినప్పుడు క్లాసు నిశ్శబ్దంగా విన్నది. హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522 కూడా కట్టుబాట్ల కాగితం అడుగున వేశాం.

టైము గురించి పెద్ద చర్చ లేదు. సోమవారం పొద్దున ప్రశ్న, శనివారం రాత్రికి ముగింపు. రాత్రి తొమ్మిది తర్వాత ఎవరూ ఎవరి నుంచీ జవాబు ఆశించకూడదు.

ఆగస్టు మూడో వారం: ఉచిత కరెంటు

మొదట్లో తేలికైన అంశాలు పెట్టి అలవాటు చేశాక, ఈ వారం అసలు ప్రశ్న పెట్టాను: "వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వల్లే మన జిల్లాలో భూగర్భ జలాలు అడుగంటుతున్నాయా?" 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం పెట్టిన పథకం అది. అనంతపురంలో ఈ ప్రశ్న ఏ ఇంట్లో వేసినా చల్లగా సాగదు. కట్టుబాట్లు నిలుస్తాయో లేదో చూడాలంటే ఇలాంటిదే కావాలి.

టౌన్‌లో ఉండే ఒక కుర్రాడు రాశాడు: "ఫ్రీగా వస్తే ఎవరైనా వాడతారు. రాత్రంతా మోటార్లు ఆడుతుంటాయి, ఆపేవాడు ఉండడు. మా తాత ఊళ్ళో చూసింది." మామూలు గ్రూపులో అయితే ఆ మాటకు "ఏసీలో కూర్చుని చెప్పొద్దు" అనే జవాబు పది నిమిషాల్లో వచ్చేది, ఆ తర్వాత పార్టీల పేర్లు. ఇక్కడ మర్నాడు మధ్యాహ్నం ఒక రిప్లై వచ్చింది. రాసింది పిలుపుల చర్చలో లేచిన అమ్మాయే.

"కరెంటు ఫ్రీ కాబట్టి రైతులు మోటారు ఆపరు అని నువ్వంటున్నావని నాకు అర్థమైంది. మోటార్లు రాత్రంతా ఆడేది నిజమే, మా చేన్లో కూడా చూసింది. కానీ కరెంటు ఎప్పుడొస్తాదో ఎప్పుడు పోతాదో తెలీనప్పుడు నాయన ఆటోస్టార్టర్ పెట్టినాడు. అర్ధరాత్రి వచ్చినా మోటారు దానంతటదే ఆన్ అయితాది. చీకట్లో పాములుంటాయని ఎవరూ పోరు. మడి నిండి నీళ్ళు పొర్లిపోయినా పొద్దున్నే తెలిసేది. మాకు రెండు బోర్లు ఒట్టిపోయినాయి. నీళ్ళ విలువ మాకు తెలీక కాదు. నీకు ఒక ప్రశ్న: మీ తాత ఊళ్ళో కరెంటు పగలు వస్తాదా, రాత్రా?"

కుర్రాడు ఆ రోజు రాయలేదు. తాతకు ఫోన్ చేసి కనుక్కుని మరుసటి రోజు రాశాడు. తాను చూసింది చిన్నప్పుడు సెలవుల్లోనని, ఇప్పుడు పగటిపూట ఇస్తున్నారని, ఆటోస్టార్టర్ తీసేసినవాళ్ళు ఉన్నారని, తీయనివాళ్ళూ ఉన్నారని తాత చెప్పాడట. దాని పక్కన బుద్ధిగా "విన్నది" అని పెట్టాడు. అక్కణ్ణుంచి చర్చ ధర నుంచి సరఫరా వేళల వైపు మళ్ళింది. పగటిపూట తొమ్మిది గంటల సరఫరా ఉంటే ఆటోస్టార్టర్ అవసరం ఎందుకుండాలని ఒకరు. బోరు వేయడానికి ముందు అనుమతి తీసుకోవాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నా తమ ఊళ్ళో ఎవరూ అడగలేదని ఇంకొకరు. వేరుశనగ చేనుకు డ్రిప్ పెట్టాక నీళ్ళు ఎంత మిగిలిందీ వాళ్ళ పిన్ని లెక్క చెప్పిందని మరొకరు.

ధర, సరఫరా వేళలు, ప్రోత్సాహకాలు, ఉమ్మడి వనరుల సమస్య, ఇవన్నీ సిలబస్‌లో విడివిడి చాప్టర్లు. ఇక్కడ ఒక ఆటోస్టార్టర్ పెట్టె చుట్టూ అన్నీ ఒకచోట చేరాయి. ఆ రిప్లై చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. "నువ్వనేది నిజమే" అన్న తర్వాతే ఆ అమ్మాయి "కానీ" అంది. పూర్వపక్షం రూలు లేకపోతే ఆ మొదటి వాక్యం వచ్చేది కాదని గట్టిగా చెప్పగలను. తర్వాత కారిడార్‌లో ఎదురైతే అడిగాను, ఇంత బాగా రాస్తావు, క్లాసులో ఎందుకు మాట్లాడవమ్మా అని. "మేడమ్, ఆన్‌లైన్‌లో ఎవరూ మధ్యలో అందుకోరు కదా" అంది.

సెప్టెంబరు మొదటి వారం: టాక్‌బ్యాక్

ఒక విద్యార్థి ప్రైవేట్ కామెంట్ పెట్టాడు. చూపు లేని అబ్బాయి, ఫోన్‌లో తెర మీది అక్షరాలు పైకి చదివే టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటూ చదువుతాడు. పేపర్ కటింగ్ ఫొటో తీసి పెడితే తనకు అందులో ఏముందో తెలియడం లేదని, వరసగా ఎమోజీలు పెడితే ఫోన్ ఒక్కోదాని పేరూ చదువుతూ పోతుందని, వీటికంటే పెద్ద ఇబ్బంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడమని. ఆ పోస్టుల్ని ఇంగ్లిష్ గొంతు చదువుతుంటే ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

మొదటి రెండూ ఆ రోజే తేలిపోయాయి. ఫొటో పెడితే అందులోని ముఖ్యమైన నాలుగు వాక్యాలు టైపు చేయాలి, ఎమోజీ ఒకటి చాలు. మూడోది చిక్కు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాయొచ్చు అన్న వెసులుబాటు వల్లే చాలామంది మొదటిసారి నాలుగు వాక్యాలు రాశారు. అది తీసేస్తే వాళ్ళు ఆగిపోతారు. ఉంచితే ఈ అబ్బాయి బయటే ఉండిపోతాడు. నా పరీక్ష ప్రశ్నే ఇక్కడ రెండు వైపులా లాగుతోంది.

క్లాసులో ఆ అబ్బాయి అనుమతితోనే ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఒక పోస్టు అతనికి ఎలా వినిపిస్తుందో అందరికీ వినిపించాను. ఇక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఆన్ చేయడం ఆ పీరియడ్‌లోనే ఒకరికొకరు నేర్పుకున్నారు. మాట్లాడితే తెలుగు లిపిలో పడుతుంది, తప్పులు పడితే పడతాయి, స్పెల్లింగ్ ఎత్తి చూపకూడదన్న కట్టుబాటు ఎలాగూ ఉంది. ఇంట్లో అందరి మధ్య కూర్చుని ఫోన్‌లో మాట్లాడలేనివాళ్ళు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తారు, వాళ్ళ పోస్టును ఆ వారం బాధ్యులు తెలుగు లిపిలో కింద రాస్తారు. బాధ్యులకు పని పెరిగింది. ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి.

సెప్టెంబరు మూడో వారం: ఇప్పటికి ఉన్న కాగితం

ఒక పేజీ దాటనివ్వడం లేదు. పేజీ దాటితే ఎవరూ చదవరు. ఇప్పుడున్నది ఇది:

పేరుతో మొదలుపెట్టు. రిప్లై లేని పోస్టుకు ముందు రిప్లై రాయి. కాదనే ముందు అవతలి మాట నీ మాటల్లో చెప్పు, అర్థం కాకపోతే అడుగు. "నువ్వు", "అప్పా" సరే, "రా", "ఒసేయ్" వద్దు. ఏది చెప్పినా చూసిందో, విన్నదో, చదివిందో చెప్పు. భాష తప్పులు పట్టకు. ఫొటో పెడితే అందులో ఏముందో రాయి. ఇక్కడి మాట స్క్రీన్‌షాట్‌గా బయటికి పోకూడదు. ఇక్కడ పరిచయమైనవాళ్ళకు వాళ్ళు చెప్పకుండా విడిగా మెసేజ్ పెట్టకూడదు. ఏదైనా ఇబ్బంది అయితే ప్రైవేట్ కామెంట్‌లో మేడమ్‌కు చెప్పు.

మార్కుల సంగతి ఇంకా తేలలేదు. ఇంటర్నల్స్‌లో కొన్ని మార్కులు దీనికి ఇవ్వాలని పిల్లలు అడుగుతున్నారు. పోస్టుల సంఖ్యకు ఇస్తే పోస్టులే పెరుగుతాయి, చర్చ పెరగదు. రిప్లై లేని పోస్టుకు రాసిన మంచి ప్రశ్నకు మార్కులు ఇస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పెట్టాలి.

వచ్చే సోమవారం ప్రశ్న బాధ్యులే తయారుచేశారు: "ఉపాధి హామీ పనుల వల్ల వేరుశనగ కోతకు కూలీలు దొరకడం లేదా?" కూలికి పోయే ఇళ్ళ పిల్లలూ, కూలీలను పిలిచే ఇళ్ళ పిల్లలూ ఒకే క్లాసులో ఉన్నారు. ప్రశ్నను ఆదివారం రాత్రే షెడ్యూల్ చేసి పెట్టాలి.